నెత్తిమీది ఒట్టు

భిలాయ్ క్యాంప్ 1లో తులసమ్మ కంట పడకుండా ఏదైనా చెయ్యాలనుకునేవాళ్లు ముందు ఆ సందు ఖాళీ చేసి వెళ్లిపోవాలి. పాలల్లో నీళ్లు కలిశాయో లేదో వేలు ముంచి చెబుతుంది. కూరల బండివాడు తూకం వేస్తుంటే వంకాయల్ని చూడదు, వాడి చిటికెన వేలు ఎక్కడుందో చూస్తుంది. ఎదురింటి పిల్ల కొత్త చెప్పులేసుకుంటే అవి ఎవరు కొనిపెట్టారో తేలేదాకా ఆవిడకు ముద్ద దిగదు. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి పదిహేడో ఏట కాపురానికి వచ్చి, యాభై ఏళ్లుగా ఆ ఇరుకు సందుల్లోనే కాపలా కాస్తున్న మనిషి. ఎవరూ పెట్టని కాపలా, జీతం లేని కాపలా.

భర్త బలరాం ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరై, ఆరేళ్ల కిందట పోయాడు. కొడుకు సురేశ్ జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్, తల్లిని హిందీవాళ్లలా 'మా' అంటాడు. కోడలు మణిమాల సుపేలాలో ఒక బ్యూటీపార్లర్‌లో పనిచేస్తుంది. మనవరాలు అమ్ము నాలుగో క్లాసు. నాయనమ్మతో తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది.

ఇంతమందిని దొంగల్లా చూసే తులసమ్మ దగ్గరే ఒక దొంగతనం ఉంది. ఆవిడ చుట్ట తాగుతుంది. అదీ అందరిలా కాదు. వెలిగించిన కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. నిప్పు లోపల, తడి కొస బయట. దాన్ని అడ్డపొగ అంటారు. ఆవిడ పుట్టిన వైపు ఆడవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. వానలో నాట్లు వేసేటప్పుడు చుట్ట ఆరిపోకూడదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అందుకని నిప్పును నోట్లో దాచుకున్నారు. తులసమ్మ పన్నెండో ఏట తల్లి పక్కన మడిలో వంగి నాట్లతో పాటే అదీ నేర్చుకుంది. దానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎదుటివాళ్లకు నిప్పు కనపడదు, పొగ అంతగా కనపడదు. పెదాలు నల్లబడవు, వేళ్లకు మరకలు పడవు. చాటుగా తాగేవాళ్ల కోసమే ఎవరో కూర్చుని కనిపెట్టినట్టుంటుంది.

చాటు ఎందుకంటే, ఒట్టు. బలరాం ఖైనీ పొగాకు నమిలి నమిలి, బుగ్గలో పుండు పడి, అది గొంతు దాకా పాకి పోయాడు. పెద్దకార్యం అయిన సాయంత్రం సురేశ్ గుండు తలతో వచ్చి తల్లి ముందు నేలమీద కూర్చున్నాడు.

"నాన్న ఎల్పోనాడు. నువ్వూ అదే దారంటే నావల్ల కాదు మా. సుట్ట మానేస్తానని నా నెత్తి మీద సెయ్యేసి సెప్పు," అన్నాడు.

ఆ గుండు మీద, నడినెత్తికి కాస్త వెనగ్గా, కుడిచెయ్యి వేసి తులసమ్మ ఒట్టు పెట్టింది. ఏడుస్తూ పెట్టింది, మనస్ఫూర్తిగానే పెట్టింది. నలభై ఒక్క రోజులు నిలబెట్టుకుంది కూడా. నలభై రెండో రోజు పక్క సందు అప్పయమ్మ ఊరి నుంచి దిగింది. ఆవిడ ఏడాదికి రెండుసార్లు పార్వతీపురం వెళ్లి, వచ్చేటప్పుడు తనలాంటి నలుగురి కోసం చుట్టల కట్టలు తెస్తుంది. ఒక్కటే అనుకుంది తులసమ్మ. ఒక్కటే అనుకున్నది రోజుకు మూడయింది. కొడుకు జాముల్ వెళ్లాక ఒకటి, కోడలు పార్లర్‌కి వెళ్లాక ఒకటి, అమ్ము స్కూలు నుంచి రాకముందు ఒకటి. పెరట్లో నీళ్లతొట్టి వెనక పీట వేసుకుని కూర్చునేది, తర్వాత లవంగం నమిలేది. ఏ కొడుకూ తల్లి నోరు వాసన చూడడు కాబట్టి ఆరేళ్లు దొర్లిపోయాయి.

ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ సురేశ్ తల మీద చెయ్యి వెయ్యలేదు. పుట్టినరోజున వాడు కాళ్లకు దణ్ణం పెడితే అక్షింతలు కాస్త దూరం నుంచే చల్లి "సల్లగుండు నాయినా" అనేది. ఒట్టు తప్పిన చెయ్యి మళ్లీ ఆ నెత్తిని తాకితే ఏమవుతుందోనని భయం. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం సురేశ్ డ్యూటీ నుంచి వచ్చి, హెల్మెట్ తీసి గోడకు తగిలిస్తున్నాడు. బియ్యం చెరుగుతున్న తులసమ్మ చేతిలోంచి చేట జారిపోయింది. కొడుకు తల మీద, నడినెత్తికి కాస్త వెనగ్గా, రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. గాయం లేదు, పొట్టు లేదు. ఎవరో గీసినట్టు గుండ్రంగా, నున్నగా ఉంది. ఆ చోటు ఆవిడకు తెలుసు.

"పేనుకొరుకుడు మా. హెల్మెట్ సెమటకి వచ్చుంటాది. టెన్షన్ మత్ లో," అన్నాడు సురేశ్.

తులసమ్మ గురివింద గింజలు సంపాదించి, అరగదీసి పూసింది. బొబ్బలెక్కి వాడు రెండు రోజులు హెల్మెట్ పెట్టుకోలేకపోయాడు. జుట్టు మాత్రం రాలేదు. మచ్చ పెద్దదైంది. నెల తిరిగేసరికి ఆవిడ అరచేతి అంత అయింది, పక్కన ఇంకో రెండు మొలిచాయి. ఒకరోజు అన్నం తింటున్న మొగుడి చెయ్యి పట్టుకుని మణిమాల "ఈ గోళ్లేటి ఇలాగైపోనాయి?" అంది. పార్లర్‌లో రోజూ నలుగురి గోళ్లు చూసే పిల్ల. సూదితో పొడిచినట్టు గోళ్ల నిండా సన్నటి గుంటలు.

తన వల్లే కొడుకు తల బోడిదవుతోందా? ఆ మాట మనసులో మెదలగానే తులసమ్మ దాన్ని బయటికి నెట్టి గడియ పెట్టింది. తన వల్ల కాకపోతే ఇంకెవరో చేసి ఉండాలి. ఇంట్లో ఇంకెవరున్నారు?

దానికి అప్పయమ్మ వంత పాడింది. "ఓలప్పా, జుట్టూడి, గోళ్లు పాడైతే అది ఊరికే కాదే. ఎవులో మందెట్టినారు," అంది గొంతు తగ్గించి. మొగుడు చెప్పుచేతల్లో ఉండాలని అన్నంలో ఏదో కలిపి పెట్టే మందు గురించి ఆ వైపు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఎవులెడతారే?"

"నాకేటి తెల్సు? మీ ఇంట్లో వండీదెవులు, వడ్డించీదెవులు?"

ఇక చూసుకోండి. యాభై ఏళ్లుగా సందంతా పంచిన అనుమానాన్ని తులసమ్మ మూటగట్టి ఇంట్లోకి తెచ్చుకుంది. వెతికితే ఆధారాలకు కొదవా? మణిమాల సంచిలో పేరు అతికించని సీసాలుంటాయి, పార్లర్‌వి అంటుంది. మొగుడి దిండు మీద రాలిన వెంట్రుకలు ఏరి కాగితంలో చుట్టి దాచింది, అది తులసమ్మ కళ్లారా చూసింది. ఆ పైన, ఈమధ్య అత్తగారి కూర విడిగా చిన్న గిన్నెలో వండుతోంది. ఎందుకే అంటే "ఊరికే" అంటుంది. ఊరికే ఎవరైనా రెండు గిన్నెలు తోముకుంటారా? అన్నిటికన్నా వింత ఒకటుంది. ఇంట్లో గ్యాసు లైటర్ ఉంది, దేవుడి గూట్లో ఒక అగ్గిపెట్టె ఉంది. అయినా పెరట్లో తొట్టి పైన గూట్లో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉంటుంది. అయిపోగానే కొత్తది వస్తుంది. తులసమ్మకు అది పనికొస్తూనే ఉంది, కాబట్టి ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు మాత్రం కోడలు పెరట్లో ఏం కాలుస్తోందా అని ఆలోచన మొదలైంది.

దానికి తోడు తన నోరు. అంగుడు మండుతోంది. కారం తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నాలుకతో తడిమితే పైన గరుగ్గా, మధ్యలో మానని పుండు. దాని సంగతి ఆవిడకు లోలోపల తెలియకపోలేదు. కానీ ఇంత మంచి నేరం చేతికొచ్చాక ఆ పుండును కూడా కోడలి ఖాతాలోనే కలిపేసింది. కొడుకు జుట్టు, కొడుకు గోళ్లు, తన నోరు. ముగ్గురు సాక్షులు.

అప్పట్నుంచి ఆవిడ కంచంలో మొదటి ముద్ద వీధికుక్కకు వేసి, అది బతికుందో లేదో చూసి రెండో ముద్ద తినడం మొదలుపెట్టింది. కుక్క మూడు నెలల్లో నున్నగా తయారైంది. అయినా తులసమ్మ నమ్మలేదు. నెమ్మదిగా పనిచేసే మందు కావచ్చు కదా. పోయిన నెలలో ఒక ఆదివారం కొడుకు చెవిలో కూడా ఓ మాట వేసింది. "మీ ఆవిడ నాకు ఏరే గిన్నెలో ఎందుకొండతందో అడగరా," అంది. సురేశ్ "ఛోడో మా" అని లేచిపోయాడు. వినలేదనుకుంది. వాడు విన్నాడు.

చివరికి డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది మణిమాలే. పార్లర్‌కి వచ్చే ఒకావిడ చెప్పిందట, సుపేలాలో చంద్రాకర్ అనే చర్మం డాక్టరమ్మ ఉందని. తులసమ్మ తానూ వస్తానంది. కోడలు డాక్టరుతో ముందే మాట్లాడుకుని ఉంటే? తన చెవులతో వినాల్సిందే. పొద్దున్న హడావిడిలో చుట్ట కాల్చడం కుదరక, చుట్టనూ గూట్లోని అగ్గిపెట్టెనూ రొంటిన దోపుకుని ఆటో ఎక్కింది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. సురేశ్ తలను భూతద్దం పెట్టి చూసింది, గోళ్లు చూసింది. మణిమాల సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"రోజుకి ఎన్ని రాలుతున్నాయో మీకు చూపిద్దామని దాచాను మేడమ్," అంది హిందీలో.

తులసమ్మ ఆధారాల్లో ఒకటి అక్కడికక్కడే చచ్చింది. ఆవిడ దానికోసం విచారించలేదు, ఇంకా మూడున్నాయి.

"మన ఒంట్లో కాపలా బలగం ఒకటుంటుంది," అంది డాక్టరమ్మ తేలిక హిందీలో. "బయటి నుంచి వచ్చిన రోగాల్ని తరమడం దాని పని. ఒక్కోసారి పొరపాటుపడి సొంత జుట్టు కుదుళ్ల మీదే దాడి చేస్తుంది. గోళ్ల గుంటలూ దాని పనే. పేను కాదు, తిండి కాదు, అంటుకునేదీ కాదు. తల్లో సన్నటి సూదులు వేస్తాను, చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. ఇంట్లో ఎవరి తప్పూ లేదు." బొబ్బల మచ్చలు చూసి "ఇదెవరు పూశారు? గురివింద విషం, తెలుసా?" అని కసిరింది కూడా.

ఎవరి తప్పూ లేదు అన్న మాట తులసమ్మకు మింగుడు పడలేదు. ఎవరి తప్పూ లేకుండా ఈ లోకంలో పాలు కూడా పలచబడవు. ఇంత దూరం వచ్చి ఊరుకోవడమా అనిపించి, యాభై ఏళ్ల హిందీ కూడగట్టుకుంది.

"వాడి ఒంట్లోది వాడికే వస్తే, మరి నా నోరు ఎందుకు కాలుతోంది డాక్టరమ్మా? ఇద్దరం ఒక్క చేతి వంటే తింటున్నాం," అంది.

డాక్టరమ్మ టార్చి వేసి నోట్లోకి చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ మొహంలో నవ్వు మాయమైంది. అంగుడంతా తెల్లగా మందంగా అట్టకట్టి, మీద ఎర్రటి చుక్కలు. మధ్యలో పుండు.

"బీడీ? చుట్ట? గుట్కా?"

తులసమ్మ తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ ఆరేళ్ల కిందటే మానేసింది మేడమ్. నా తల మీద ఒట్టేసి మానేసింది," అన్నాడు సురేశ్, గర్వంగా. ఆ గర్వం తులసమ్మకు ఎక్కడో తగిలింది.

డాక్టరమ్మ ఆవిడ పెదాలు చూసింది, వేళ్లు చూసింది. ఎక్కడా మరక లేదు. మొగుడూపెళ్లాల్ని కాసేపు బయట కూర్చోమంది. తలుపు వేసి, కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

"అమ్మాజీ, భయపడకండి. ఇది రోజూ కాలుతున్న నోరు. పొగ తాగితే ఇలా కాలుతుంది, మీరు తాగరు. ఇక మిగిలింది సలసల కాగేది నోట్లో పడడం. ఇంత వేడి ఏ మనిషీ తనంతట తాను రోజూ మింగదు. ఇంట్లో మీకు ఎవరైనా బలవంతాన పోస్తున్నారా?"

మూడు నెలలుగా తులసమ్మ ఎదురుచూసిన ఘడియ అది. తన అనుమానం ఒక చదువుకున్న మనిషి నోట వచ్చింది. అవునంటే కోడలు దోషి. కాదంటే చుట్ట సంగతి చెప్పాలి, చెబితే ఒట్టు తప్పినట్టు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే కొడుకు నెత్తి మీది మచ్చలు తనవే.

"వంట మా కోడలే చేస్తుంది," అంది చివరికి. అబద్ధం కాదు. అందుకే సిగ్గుగా ఉంది.

డాక్టరమ్మ ఏదో రాసుకుని మణిమాలను లోపలికి పిలిచి, సూటిగా అడిగింది. మణిమాల మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత అత్తగారి వైపు చూసింది. ఆ చూపు తులసమ్మ రొంటి దగ్గర ఒక్క క్షణం ఆగి కిందికి దిగింది.

"తప్పు నాదే మేడమ్. పొద్దున్నే పార్లర్ తొందర్లో టీ బాగా వేడిగా ఇచ్చేస్తాను. ఆవిడ వద్దనలేరు. ఇకనుంచి చూసుకుంటాను," అంది.

టీయా, అనుకుంది తులసమ్మ. మణిమాల తనకు ఏనాడూ వేడి టీ ఇవ్వలేదు. రెండు గ్లాసుల్లో తిరగబోసి, వేలు పెట్టి చూసి, చల్లారాకే ఇస్తుంది. అది కూడా ఆవిడ అనుమానంగానే చూసింది, కలపడానికి వంక అని. మరి ఈ పిల్ల చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకుంటోంది?

"టీతో ఇంత కాదు," అంది డాక్టరమ్మ కటువుగా. "ఆ పుండు చూస్తే నాకు భయంగా ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపాలి. అసలు కారణం తెలియకపోతే ఎంత వైద్యం చేసినా మళ్లీ కాలుతుంది. కొడుకుని పిలవండి, ఆయనకీ తెలియాలి."

సురేశ్ లోపలికొచ్చాడు. డాక్టరమ్మ చెప్పింది విన్నాడు. పెళ్లాం వైపు తిరిగిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది.

"ఏటే ఇది? క్యా కియా తూనే? అందుకేనా ఏరే గిన్ని? అమ్మ సెప్తంటే నమ్మనేదు నాను, పిచ్చోణ్ణి! మా అమ్మ నోట్లో నిప్పులు పోసినావా? పద, నిన్ను ఇప్పుడే మీ పుట్టింటికాడ దింపీసొస్తాను. మళ్లీ నా గడప తొక్కీవంటే..."

మణిమాల తల ఎత్తలేదు. చేతిలోని కాగితం పొట్లాన్ని నలుపుతూ నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

ఆ వేరే గిన్నె మాట తనది. తాను చెవిలో వేసిన మాట కొడుకు నోట్లోంచి అంత పెద్దదై బయటికొస్తోంది. అమ్ము స్కూలు నుంచి వచ్చి అమ్మ ఏదని అడిగితే తాను ఏం చెబుతుంది?

"ఆగరా," అంది.

రొంటిలోంచి చుట్ట తీసింది. అగ్గిపెట్టె తీసింది. డాక్టరమ్మ "అమ్మాజీ, ఇక్కడ వెలిగించకూడదు" అంటూనే ఉంది. పుల్ల గీసి, చుట్ట అంటించి, రెండు దమ్ములు లాగి కొస ఎర్రబడ్డాక, కొడుకు కళ్లలోకి చూస్తూ దాన్ని తిప్పి, నిప్పును నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది.

"అరే! మూఁ మే ఆగ్!" అంటూ డాక్టరమ్మ లేచి చేతులు చాపింది. తులసమ్మ నిటారుగా కూర్చుని, ముక్కుతో ఊపిరి తీస్తూ, నాలుగు దమ్ములు నిదానంగా లాగింది. గదిలో చుట్ట వాసన నిండింది. తర్వాత చుట్ట తీసి బల్ల మీది గ్లాసు నీళ్లలో వేసింది. చుయ్యిమంది.

"ఇదీ సంగతి. రోజుకి మూడు. దానికేటీ తెల్దు, అది సేసిందేటీ నేదు," అంది కోడల్ని చూపించి. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నలబై ఒక్క రోజే ఆగినాను నాయినా. నీ మీద ఒట్టు తప్పినాను. నీ నెత్తికి పట్టింది నా పాపమే. సెప్పీదానికి బయమేసి దాని మీదకి తోసీసినాను."

సురేశ్ పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టాడు. తల్లిని చూడలేక, పెళ్లాం మొహం అసలే చూడలేక, ఆటో పిలుస్తానని బయటికి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ మాత్రం గ్లాసులోని చుట్టను చాలాసేపు చూసింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలా తాగడం ఎప్పుడూ చూడలేదంది. ముక్క పరీక్షకు పెద్దాసుపత్రికి చీటీ రాస్తూ, "అమ్మాజీ, ఒట్లు జుట్టు ఊడగొట్టవు. కానీ ఇది మీ ప్రాణం తీస్తుంది," అంది.

తిరుగు ప్రయాణంలో సురేశ్ ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక అత్తాకోడళ్లు. ఆటో చప్పుడులో ముందువాళ్లకు ఏమీ వినపడదు.

"నీకు ఎప్పుడు తెల్సే?" అంది తులసమ్మ.

"ఒట్టేసిన రెండో నెల్లోనే. తొట్టి ఎనక కాలిన పుల్లలు ఊడ్సింది నానే కదత్తా. మా అమ్మమ్మదీ అడ్డపొగే. ఆ మూతి బిగించుకుని కూకునీ తీరు నాకు తెల్దా?"

"మరి గూట్లో అగ్గిపెట్టి?"

"నానే ఎడతన్నాను. ఓపాలి నువ్వు గ్యాసు పొయ్యి మీదకి వంగి సుట్ట ముట్టించుకుంటంటే కొంగు అంటుకోబోయింది. అది సూసి నా పేనం ఎగిరిపోయింది."

"ఏరే గిన్ని?"

"నోరు మండతన్నోళ్లు కారం ఎలా తింతారు? నువ్వు సెప్పవు, నాను అడగనేను."

తులసమ్మ కాసేపు బయటికి చూసింది. సుపేలా బజారు వెనక్కి పోతోంది. అన్ని దుకాణాల్నీ వదిలి ఆవిడ మొదటిసారి తన ఒళ్లో చేతుల్ని చూసుకుంది.

"ఇన్నేళ్లు నీ మొగుడికి ఒక్క ముక్క సెప్తే పోయీది కదే?"

"సెప్తే ఒట్టు తప్పినట్టు తేలిపోద్ది కదా," అంది మణిమాల, ముందు కూర్చున్న మొగుడి తల వైపు చూస్తూ. "ఎవులికీ తెల్నంతసేపు ఆ ఒట్టు ఆయనకి తగల్దేమో అనుకున్నాను. ఆయన నెత్తి మీద మచ్చ సూసిన్నాడు నాకూ కాళ్లు సల్లబడిపోనాయి అత్తా. నీ మీదొచ్చిన కోపానికి మూడ్రోజులు అన్నం తిన్నేదు. ఇది వట్టి జబ్బే అని ఎవులైనా సెప్తే బాగుణ్ణని డాక్టరు కాడికి తెచ్చినాను. లోపల ఆవిడ అడిగినప్పుడు కూడా అదే బయం. ఆయనకి వినబడీలాగ ఆ మాట అనకూడదు, అంతే."

ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం, ఇద్దరాడవాళ్లు ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. ఒకావిడ దాన్ని అనుమానంగా మార్చుకుంది, ఇంకొకావిడ గిన్నెలు తోముకుంది. తులసమ్మకు ఆ తేడా అర్థమై సిగ్గుతో తల వాలిపోయింది.

"నిన్ను సానా అనుమానించినానే."

"తెల్సు. మొదటి ముద్ద కుక్కకెయ్యడం సూస్తన్నాను కదా. దాని కోసం రోజూ గుప్పెడు బియ్యం ఎక్కువే ఎడతన్నాను," అంది మణిమాల కళ్లు తుడుచుకుంటూ. ఆ మాటకు తులసమ్మ నవ్వబోయి, నోరు మండి, ఏడ్చేసింది.

ముక్క తీశారు. పది రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. కేన్సరు కాదని రిపోర్టు వచ్చింది, అయితే ఆ దారిలో ఉందట. చుట్ట ముట్టకూడదు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. మిగిలిన కట్టను తులసమ్మ అప్పయమ్మ గుమ్మంలో పెట్టి, ఆవిణ్ణి కూడా నోరు చూపించుకోమని గట్టిగా చెప్పి వచ్చింది. మానడం తేలికేమీ కాలేదు. పొద్దున్నే పీట వేసుకుని తొట్టి వెనక ఖాళీగా కూర్చునేది, అందరినీ కసిరేది. గూట్లో అగ్గిపెట్టె ఉన్న చోట మణిమాల లవంగాల డబ్బీ పెట్టింది. సురేశ్ తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. పెళ్లానికి మాత్రం క్లినిక్ నుంచి వచ్చిన రోజే, వంటింట్లో నిలబడి, క్షమించమని అడిగాడు. మణిమాల వాడికి వారం రోజులు గిన్నెలు తోమే పని వేసింది.

మూడోసారి సూదులు వేయించుకున్న రెండు వారాలకు, ఒక ఆదివారం పొద్దున్న, సురేశ్ స్నానం చేసి వచ్చి తల్లి ముందు నేలమీద కూర్చున్నాడు. ఆరేళ్ల కిందట కూర్చున్న చోటే.

"మా, సూడు. ఏటైనా ఒచ్చిందా?"

తులసమ్మ కళ్లజోడు సవరించుకుంది. మచ్చ మీద తెల్లటి నూగు. పసిపిల్లల తల మీద ఉండేటంత మెత్తటి వెంట్రుకలు, ఇంకా నల్లబడనివి.

"ఒచ్చినట్టే ఉన్నాది. తెల్లగున్నాది."

"కళ్లతో కాదు మా, ముట్టుకుని సూడు."

ఆవిడ చెయ్యి లేచి గాలిలో ఆగింది. గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు చూసింది. మణిమాల తల ఊపింది. అప్పుడు తులసమ్మ ఆ నూగు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ఒక నిమిషం అలాగే ఉండి, పాత బుద్ధి ఎక్కడికి పోతుంది, అడగనే అడిగింది.

"ఇది ఆ సూదులకొచ్చిందా, నాను మానేసినందుకొచ్చిందా?"

ఆవిడ చెయ్యి తీసెయ్యబోయింది. సురేశ్ తల ఎత్తకుండానే ఆ చేతి మీద తన చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"ఒట్టేటీ వద్దు మా. ఊరికే ఉంచు," అన్నాడు.